తిరుపతిలో మిద్దె మీది చెస్ క్లాస్: ఓపెనింగ్ సూపర్, ఎండ్‌గేమ్ దగ్గర మాత్రం చేతులెత్తేసినారు

పిల్లోళ్ళకి చెస్ నేర్పించాలంటే తిరుపతిలో యాడ చేర్పించాలి అని మా ఆఫీసులోనో అపార్ట్‌మెంట్‌లోనో ఎవరో ఒకరు అడగతానే ఉంటారు, గుకేశ్ వరల్డ్ చాంపియన్ అయినప్పటి నుంచి అది ఇంకా ఎక్కువైంది, అందుకే ఒకసారి అంతా రాసిపెట్టేస్తే అడిగినోళ్ళకంతా ఇదే పంపించేయొచ్చని కూర్చున్నా. ఇది మా పాప పోతా ఉండే క్లాస్ గురించి. పేరు రాయడం లేదు, ఎందుకంటే కింద కొంచెం గట్టిగానే తిట్టినాను, సార్ మంచోడు, ఆయన్ని బజారుకీడ్చాలని నాకేమీ లేదు. రాద్దామన్నా అక్కడ బోర్డే లేదు, చుట్టుపక్కల వాళ్ళు 'చెస్ సార్ మిద్దె' అంటారు, అంతే.

ముందు ప్లేస్ గురించి. కింద ఓనర్ వాళ్ళ ఇల్లు, పైన మిద్దె మీద రేకుల షెడ్డు, నాలుగు పొడుగు టేబుళ్ళు, ప్లాస్టిక్ కుర్చీలు. బోర్డులు చుట్టి పెట్టుకునే రకం, పచ్చ తెలుపు గళ్ళవి, టోర్నమెంట్లలో వాడేవే. పావులు కూడా అడుగున బరువు ఉండేవి, చెయ్యి తగిలితే పడిపోవు. డిజిటల్ క్లాకులు మాత్రం తక్కువ, అవి పెద్ద పిల్లోళ్ళకే దక్కుతాయి, మిగతావాళ్ళు సార్ పాత ఫోన్లో క్లాక్ యాప్ పెట్టుకుని ఆడతారు. ఎండాకాలంలో మధ్యాహ్నం బ్యాచ్‌కి మాత్రం పంపించొద్దు, మన ఊరి ఎండ సంగతి తెలిసిందే కదా, ఆ రేకుల కింద ఫ్యాన్లు వేడిగాలినే అటూ ఇటూ తిప్పతా ఉంటాయి. మెట్లకి ఒక పక్క పిట్టగోడ లేదు, చిన్న పిల్లలైతే మీరే దగ్గరుండి ఎక్కించి దించుకోవాలి. బాత్రూం కావాలంటే కిందికి పోయి ఓనరమ్మని అడగాలి, ఆమె ఏమీ అనుకోదు కానీ మా పాప మొహమాటపడి క్లాస్ అయ్యేదాకా నీళ్ళే తాగదు. ఇవన్నీ సార్‌కి చెప్పినాము, 'చూద్దాం సార్' అన్నాడు, ఆ చూద్దాం ఇంకా అవలేదు.

సరే, ఇంత అవస్థపడి అక్కడికే ఎందుకు పంపిస్తా ఉన్నామంటే సార్ ఓపెనింగ్ (ఆట మొదట్లో వేసే ఎత్తులు) నేర్పించే పద్ధతి కోసం. మామూలుగా బయట ఏం జరగతా ఉందంటే, చేరిన మొదటి వారమే పిల్లోడికి నాలుగు ఎత్తుల మేట్ నేర్పించేస్తారు, క్వీన్‌నీ బిషప్‌నీ ఎఫ్7 మీదికి ఎక్కించేది (బోర్డులో ప్రతి గడికీ ఇట్ల అక్షరం, అంకె కలిపి పేరు ఉంటుంది, ఎఫ్7 అంటే నల్లరాజు పక్కన బంటు ఉండే గడి), వాడు స్కూల్లో పదిమందిని దాంతోనే గెలుస్తాడు, ఇంటికొచ్చి గంతులేస్తాడు, మనం ఫీజు కట్టేస్తాం. తర్వాత అది తెలిసిన పిల్లోడు ఒకడు ఎదురుగా కూర్చుంటే ఆరో ఎత్తుకే క్వీన్‌ని యాడ దాచుకోవాలో తెలీక తిప్పలు. ఈ సార్ దగ్గర ఆ మేట్ ఆడితే ఒప్పుకోడు, ఎట్ల ఆపాలో మాత్రం చూపించి వదిలేస్తాడు.

నల్లపావులతో ఆడేటప్పుడు, తెల్లపావులోళ్ళు మొదటి ఎత్తు ఈ4 (రాజు ముందు బంటును రెండు గళ్ళు తోసేది) ఆడితే ఆయన అందరికీ నేర్పించేది ఒకటే ఓపెనింగ్, కారో కాన్. ఈ4 కి సీ6, డీ4 కి డీ5. 1886లో హొరేషియో కారో, మార్కస్ కాన్ అనే ఇద్దరు దీన్ని విశ్లేషించి అచ్చు వేయించినారు, అందుకే ఆ జంట పేరు. బోట్విన్నిక్, పెట్రోసియన్, కార్పోవ్ లాంటి చాంపియన్లు నమ్ముకున్న డిఫెన్స్ ఇది. పెద్దగా మెరుపులు ఉండవు, గట్టిగా ఉంటుంది. పిల్లోళ్ళకి ఇంత చప్పటి ఓపెనింగ్ ఏంది సార్ అని నేనే ఒకసారి అడిగినా. దానికి ఆయన నోటితో ఏమీ చెప్పలేదు, బోర్డు మీద బంట్లు మాత్రం ఉంచి మిగతా పావులన్నీ తీసేసినాడు. ఫ్రెంచ్ డిఫెన్స్ అనే ఇంకో ఓపెనింగ్‌లో బంట్లు ఎట్ల ఉంటాయో పెట్టి, ఇప్పుడు నీ సీ8 బిషప్ ఎట్నుంచి బయటికి పోతుంది చెప్పు పాపా అని మా అమ్మాయిని అడిగినాడు. అది చూసి చూసి, ఈ6 బంటు అడ్డం ఉంది సార్, పోలేదు అంది. ఆ బంటును వెనక్కి తీసి సీ6 లో ఇంకో బంటు పెట్టి, ఇప్పుడో అన్నాడు. దారి తెరుచుకునింది. అంతే, డీ5 తోసేదానికి సపోర్ట్ కావాలి, కానీ బిషప్ లోపల ఇరుక్కోకూడదు, అందుకే సీ6. ఒక్క లైన్ కూడా బట్టీ పట్టించకుండా ఓపెనింగ్ మొత్తం ఎందుకు పుట్టిందో ఎక్కించేసినాడు. మూల నిలబడి చూస్తా ఉన్న నాకు కూడా ఎక్కేసింది, నేను యూనివర్సిటీ హాస్టల్లో ఏళ్ళ తరబడి ఆడినోణ్ణి, ఒక్కరోజు కూడా ఇట్ల ఆలోచించలేదు.

బట్టీ అస్సలు లేదా అంటే, ఉంది, ప్రమాదాలు మాత్రం బట్టీ పట్టిస్తాడు. మూడో ఎత్తుకి తెల్లవైపు గుర్రం సీ3 కి వచ్చి, ఈ4 దగ్గర బంటును గుర్రం కొట్టినాక, మనం ఒక గుర్రాన్ని డీ7 కి పెడతాం, అప్పుడు వాళ్ళు క్వీన్‌ని ఈ2 కి తెస్తారు, చూసేదానికి ఏదో పిచ్చి ఎత్తులాగా ఉంటుంది. మనం మామూలుగా రెండో గుర్రం ఎఫ్6 కి తీస్తే ఆరో ఎత్తుకే డీ6 లో గుర్రంతో మేట్. ఈ7 బంటు దాన్ని కొట్టాల్సింది కానీ కొట్టలేదు, వెనక రాజు, ముందు క్వీన్, మధ్యలో కదలకుండా ఇరుక్కుపోయి ఉంటుంది. కొత్తగా చేరిన ప్రతి పిల్లోణ్ణీ సార్ దీంట్లో ఒకసారి పడేస్తాడు, పడినోళ్ళు ఇంక జన్మలో మర్చిపోరు. అట్లే ఈ5 తోసే లైన్‌లో మన బిషప్ ఎఫ్5 కి వచ్చినాక వాళ్ళు హెచ్4 తోస్తే, చూసుకోకుండా ఈ6 అన్నామా అయిపోయింది, జీ4, ఎఫ్3, హెచ్5 అని బంట్లు తరుముకొచ్చి బిషప్‌ని పట్టేస్తాయి. 1961 వరల్డ్ చాంపియన్‌షిప్ రీమ్యాచ్‌లో తాల్ బోట్విన్నిక్ మీద ఈ హెచ్4 ఆడినాడు. ఇంక 1997లో డీప్ బ్లూ కంప్యూటర్ అప్పటి వరల్డ్ చాంపియన్ కాస్పరోవ్‌ని ఆఖరి గేమ్‌లో 19 ఎత్తుల్లో పడేసింది కూడా కారో కాన్‌లోనే, ఏడో ఎత్తు హెచ్6 ఆడినందుకు గుర్రాన్ని ఈ6 మీద బలి ఇచ్చి రాజుని బయటికి లాగేసింది. కాస్పరోవ్ అంతటోడు పడినాడు, మీరెంత అని సార్ భయపెడతాడు, పిల్లోళ్ళకి ఆ కథ భలే ఇష్టం.

క్రమశిక్షణ కూడా గట్టిదే. పావు ముట్టుకుంటే ఆడాల్సిందే, బతిమిలాడుకునేది లేదు. క్యాస్లింగ్ (రాజునీ ఏనుగునీ ఒకే ఎత్తులో జరిపేది) ఒక చేత్తోనే, ముందు రాజుని కదపాలి. చిన్నోళ్ళు ఏనుగు ముందు పట్టుకునేదీ, రెండు చేతులతో ఒకేసారి కదిపేదీ చేస్తా ఉంటారు, అది టోర్నమెంట్‌లో ఆర్బిటర్ (ఆట రెఫరీ) కంట పడితే అనవసరంగా తలనొప్పి. తప్పు ఎత్తు ఆడి క్లాక్ నొక్కితే ఎదుటోడికి రెండు నిమిషాలు కలుస్తాయి, రెండోసారి చేస్తే ఆటే పోతుంది, ఇవన్నీ క్లాస్‌లో నిజంగానే అమలు చేస్తాడు. క్లాస్‌లో ఏడ్చినోళ్ళు టోర్నమెంట్‌లో ఏడవరు, ఈ విషయంలో సార్‌కి నా దండం.

ఇప్పుడు అసలు మాటకొస్తా. ఆ మధ్య మన ఊళ్ళోనే ఒక కల్యాణ మండపంలో రేటింగ్ (ఆడేవాళ్ళ బలం చెప్పే అంకె) టోర్నమెంట్ పెట్టినారు, 90 నిమిషాలు, ఎత్తుకి 30 సెకన్లు కలిసేది. పాపకి ఇంకా రేటింగ్ లేదు. 2024 మార్చి నుంచి ఫిడే (ప్రపంచ చెస్ సంఘం) రేటింగ్ కింది గీత 1400 కి పెంచేసింది కదా, ముందు లాగా వెయ్యి వచ్చినా లిస్టులోకి ఎక్కేది లేదు, గట్టిగా ఆడితేనే. ఒక రౌండ్‌లో చెన్నై నుంచి వచ్చిన రేటింగ్ పిల్లోడు పడినాడు, మా పాపకి నల్లపావులు. పేరెంట్స్‌ని లోపలికి రానీరు, మేమంతా బయట టీ తాగతా గేటు వైపు చూసుకుంటా కూర్చునే బ్యాచ్, కాబట్టి నేను చెప్పేదంతా తర్వాత అది రాసుకొచ్చిన షీట్ చూసి చెప్తా ఉండేది.

ఈ4 సీ6, డీ4 డీ5, అప్పుడు ఆ పిల్లోడు ఈ5 తోయకుండా డీ5 లో బంటు మార్చేసుకున్నాడు, ఎక్స్ఛేంజ్ లైన్ అంటారు. తర్వాత బిషప్ డీ3, సీ3, ఇంకో బిషప్ ఎఫ్4. ఇది 1970లో బెల్‌గ్రేడ్‌లో ఫిషర్ పెట్రోసియన్ మీద ఆడి గెలిచిన సెటప్పే. మన బిషప్ జీ4 కి బయటికి పోగానే క్వీన్ బీ3 కి వచ్చి, బిషప్ వదిలిపెట్టి పోయిన బీ7 బంటు మీద కన్నేస్తుంది. పెట్రోసియన్ అక్కడ గుర్రాన్ని ఏ5 కి పంపించినాడు. మా పాప క్వీన్‌ని డీ7 కి పెట్టి బంటును కాచుకునింది, సార్ నేర్పించింది అదే. తర్వాత ఈ6, గుర్రాన్ని బిషప్‌తో కొట్టేసేది, ఇంకో బిషప్ డీ6 కి తెచ్చి మార్చుకునేది, రెండు వైపులా క్యాస్లింగ్. ఇంతవరకు బుక్కులో ఉండేదే, దీనికి మార్కులు వేయక్కరలేదు.

తర్వాత ఆడిందానికి మాత్రం వేయాలి. అక్కడి నుంచి క్లాస్‌లో ఎత్తులు ఏవీ చెప్పలేదు, ఒక్క ఐడియా మాత్రం చెప్పినారు. క్వీన్ పక్క, అంటే బోర్డులో క్వీన్ మొదట ఉండే సగంలో, మనకి రెండు బంట్లు, వాళ్ళకి మూడు. మామూలు బుర్రకి మూడుండేవాడే కదా బలమోడు అనిపిస్తుంది, కానీ ఇక్కడ తక్కువ ఉండేవాళ్ళే ఎక్కువ ఉండేవాళ్ళ మీదికి పోవాలి, మైనారిటీ అటాక్ అంటారు. బీ బంటును బీ5, బీ4 అని తోసుకుంటా పోయి సీ3 దగ్గర కొట్టుకుంటే, వాళ్ళకి సీ3 లో మిగిలే బంటుకి కాపలా కాసే ఇంకో బంటు ఉండదు, మనకేమో సీ లైన్ అంతా ఖాళీ, ఏనుగులు పెట్టి దాన్నే గుద్దతా ఉండొచ్చు. మా పాప అచ్చం అట్లే ఆడింది. ఏనుగు బీ8, బంటు ముందుకి, మార్పిడి, రెండో ఏనుగు సీ8, గుర్రం ఏ5 నుంచి సీ4 లోకి పోయి కూర్చునింది. ఎదుటోడు రాజు పక్క ఏదో దాడి చేద్దామని చూసినాడు గానీ సీ3 ని కాపాడుకునేదానికే వాడి పావులన్నీ సరిపోయినాయి. 30 ఎత్తులు దాటేసరికి ఆ బంటు పడిపోయింది. రేటింగ్ లేని పిల్ల రేటింగ్ ఉండేవాడి మీద, ఒక్క ట్రిక్కు లేకుండా, ప్లాన్ మీద బంటు గెలిచింది. షీట్ చూస్తా ఉంటే నాకు ఒళ్ళు పులకరించింది అంటే నమ్మండి.

ఫలితం డ్రా.

అవును, డ్రానే. ఏమైందంటే క్వీన్లు పోయినాయి, గుర్రాలు పోయినాయి, ఏనుగుల ఎండ్‌గేమ్ (పావులు తగ్గిపోయినాక ఆట చివరి భాగం) వచ్చింది, మనకి ఒక బంటు ఎక్కువ. బంటు ఎక్కువ ఉన్నప్పుడు పావులు మార్చుకోవాలి, బంట్లు మార్చుకోకూడదు అనేది మొదటి పాఠం, అది దీనికి ఎవరూ చెప్పలేదు. మార్చుకుంటే మంచిదే అనే లెక్కలో రాజు పక్క బంట్లన్నీ ఒకటొకటిగా మార్చేసుకునింది, చివరికి దీనికి ఒక ఏనుగు, ఒక ఈ బంటు, వాడికి ఒక ఏనుగు. ఆ పిల్లోడికేమో ఇది తెలిసిన విద్య. ఏనుగును తన వైపు నుంచి మూడో వరసలో పెట్టి మా రాజుని కిందికి రానీకుండా ఊరికే అటూ ఇటూ జరపతా కూర్చున్నాడు. ఎప్పుడైతే మా పాప విసుగొచ్చి బంటును ఈ3 కి తోసిందో, అప్పుడు ఏనుగును పై చివరికి ఎత్తుకొని పోయి వెనక నుంచి చెక్‌లు మొదలుపెట్టినాడు. ఆ బంటు ముందుకు పోయినందువల్లే రాజు దాక్కోవాల్సిన గడి లేకుండా పోయింది, ఎంతసేపు ఆడినా చెక్, చెక్, చెక్. ఇది ఫిలిడార్ పొజిషన్, 18వ శతాబ్దం నాటి టెక్నిక్. చెన్నై పిల్లోడికి వాళ్ళ క్లాస్‌లో నేర్పించినారు, మన పిల్లకి మన క్లాస్‌లో దాని పేరు కూడా చెప్పలేదు.

బయటికి వచ్చి అది నన్ను అడిగింది ఒకటే, నాన్నా, బంటు ఎక్కువ ఉంటే గెలిచినట్టే కదా, మరి ఎందుకు గెలవలేదు అని. నేను సార్‌ని అడిగినా. ఆయన షీట్ తీసుకుని ఓపెనింగ్ అంతా చూసి మురిసిపోయినాడు, సూపర్ సూపర్ అంటా 35వ ఎత్తు దాకా వచ్చి, అక్కడి నుంచి గబగబా తిప్పేసి, పర్లేదు సార్ రేటింగ్ పిల్లోడితో డ్రా అంటే గెలిచినట్టే అన్నాడు. నాకు కాలింది అక్కడే. నేను వదల్లేదు, మీరు ఎండ్‌గేమ్ ఎందుకు చెప్పరు సార్ అని మొహం మీదే అడిగేసినా. చెప్తే పిల్లోళ్ళు ఆవలిస్తారు సార్, పేరెంట్స్ వచ్చి మా వాడికి ఏ ఓపెనింగ్ నేర్పించినారు అని అడగతారే గానీ ఏనుగుల ఎండ్‌గేమ్ వచ్చా అని ఇంతవరకు ఒక్కరు అడగలేదు అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాటలో న్యాయం ఉంది. కారో కాన్, సిసిలియన్ అంటే వినేదానికి బాగుంటుంది, బంధువుల ముందు చెప్పుకోవచ్చు. కానీ అడగనోళ్ళ మీద నెట్టేస్తే ఎట్ల, మాకు తెలిస్తే మేమే నేర్పించుకుంటాం కదా, ఆయన దగ్గరికి పంపించేది ఎందుకు.

ఇంకోటి, ఎండ్‌గేమ్ బోర్ అనేవాళ్ళు 2024 డిసెంబర్ 12 సింగపూర్ గేమ్ తీసి చూడండి. గుకేశ్, అప్పటి చాంపియన్ డింగ్ లిరెన్, వరల్డ్ చాంపియన్‌షిప్ ఆఖరిదైన 14వ గేమ్, స్కోరు సమానంగా ఉంది. చెరొక ఏనుగు, చెరొక బిషప్, గుకేశ్‌కి రెండు బంట్లు, డింగ్‌కి ఒకటి, అందరూ డ్రా అనుకుంటా ఉన్నారు. 55వ ఎత్తు డింగ్ ఏనుగును ఎఫ్2 కి పెట్టినాడు. గుకేశ్ ఏనుగులు మార్చి, బిషప్‌లు కూడా బలవంతంగా మార్చి, ఒట్టి రాజు బంట్ల ఎండ్‌గేమ్‌లోకి లాగేసినాడు, 58వ ఎత్తుకి డింగ్ చెయ్యి కలిపినాడు. ఆ ఏనుగులు, బిషప్‌లు పోతే మిగిలేది గెలుపే అని తెలియబట్టే 18 ఏళ్ళకి వరల్డ్ చాంపియన్. పాత వరల్డ్ చాంపియన్ కాపాబ్లాంకా అయితే అసలు చెస్ ఎండ్‌గేమ్ నుంచే మొదలుపెట్టి నేర్చుకోమన్నాడు. మా సార్ గోడ మీద గుకేశ్ ఫోటో ఉంది, న్యూయార్క్‌లో వరల్డ్ రాపిడ్ రెండోసారి గెలిచిన హంపి ఫోటో కూడా ఉంది, ఆ ఫోటోల కిందనే కూర్చోబెట్టి 15 ఎత్తుల దగ్గర పాఠం ఆపేస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మరి చేర్పించాలా వద్దా అంటే, చేర్పించండి. మొదలుపెట్టే పిల్లోళ్ళకి, కొంచెం ఆడతా ఉండేవాళ్ళకి ఓపెనింగ్‌ని ఇంత అర్థమయ్యేటట్టు చెప్పేవాళ్ళని నేనైతే తిరుపతిలో చూడలేదు, దానికి 5 కి 5 ఇస్తా. ఎండ్‌గేమ్‌కి 2, ఆ రెండు కూడా క్వీన్‌తో, ఏనుగుతో ఒట్టి రాజుని మేట్ చేసేది నేర్పించినందుకు. ప్లేస్‌కి రెండున్నర. ఇప్పటికే రేటింగ్ ఉండే పిల్లోళ్ళకైతే ఇది సరిపోదు, వాళ్ళు ఆన్‌లైన్‌లో ఎవరినైనా ఎండ్‌గేమ్‌కి విడిగా పెట్టుకోవడం మేలు. మేము ఇప్పుడు ఇంట్లో రాత్రి అన్నం తిన్నాక ఫిలిడార్ ఒకరోజు, లూసేనా ఒకరోజు ఆడించుకుంటా ఉన్నాం. లూసేనా అంటే బంటు ఏడో వరసకి చేరినాక ఏనుగుతో వంతెన కట్టి రాజుని చెక్‌ల నుంచి బయటికి తెచ్చేది, నేర్చుకునేదానికి ఒక సాయంత్రం చాలు, నిజంగా అంతే, అందుకే ఇంకా కోపం వస్తుంది.

ఫీజు నెలకి 1800, వారానికి రెండు క్లాసులు, ముందే కట్టాలి, మధ్యలో మానేస్తే వెనక్కి ఇవ్వడు కానీ పరీక్షలప్పుడు పోయిన క్లాసులు తర్వాత సర్దుతాడు. టోర్నమెంట్ రిజిస్ట్రేషన్లు, ఎంట్రీ ఫీజులు, అవన్నీ మనమే చూసుకోవాలి, ఆయనకి మెసేజ్ పెడితే మరుసటి రోజు బ్లూ టిక్ వస్తుంది, రిప్లై రాదు, ఫోన్ చేయడమే నయం. గొడవ చేసినాక నలుగురు పేరెంట్స్ కలిసి అడిగితే శనివారం ఒక గంట ఎండ్‌గేమ్ పెడతానని ఒప్పుకున్నాడు, ఇంకా మొదలవలేదు. మీరు చేర్పించేదానికి పోయినప్పుడు ఫీజు కట్టేముందు మీరు కూడా అదే అడగండి, ఎక్కువమంది అడిగితేనే కదులుతాడు. ఆదివారం పొద్దున బ్యాచ్ ఫుల్ అంట, సాయంత్రం బ్యాచ్‌లో సీట్లు ఉన్నాయి. బండి మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని నడిచిపోండి, సందులో ఓనర్ వాళ్ళ కారు ఉంటుంది, ఇంకో స్కూటర్ కూడా పట్టదు.